కాగజ్‌నగర్ పక్కనే.. కాగితం మాత్రం ఇండోనేషియాది!

మొన్న కరీంనగర్‌లో ప్రింటవుట్ల కోసం ఓ జిరాక్స్ షాపుకెళ్లా. కౌంటర్ మీద ఏ4 కాగితాల కట్ట ఉంది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఇండోనేషియా తయారీ అని రాసుంది.

‘‘అన్నా, కాగజ్‌నగర్ ఇంత దగ్గరుండంగ ఇదెందుకు?’’ అన్నా.

‘‘ఏది అగ్గువకొస్తే అది తెస్త తమ్మీ’’ అన్నాడు.

ఆ మాట బుర్రలోంచి పోలేదు. రాత్రి ల్యాప్‌టాప్‌లో ఐక్యరాజ్య సమితి వాణిజ్య డేటాబేస్ ‘కామ్‌ట్రేడ్’ తెరిచా. అందులో 47వ నంబర్ కింద గుజ్జు, చిత్తు కాగితం. 48 కింద కాగితం, అట్ట ఉంటాయి. భారత్, ఇండోనేషియాలను పక్కపక్కన పెట్టి చూశా.

నిజానికి పరుగు మొదలుపెట్టింది మనమే. నిజాం కాలంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లులో 1942లోనే ఉత్పత్తి మొదలైంది. కొత్తపేట అనే ఊరు కాస్తా కాగజ్‌నగర్ అయిపోయింది. 1980ల మొదట్లో ఇండోనేషియా ఇంకా కాగితం కొనుక్కునే దేశమే. ఆ తర్వాత పదిహేనేళ్లలోనే ప్రపంచానికి అమ్మే స్థాయికి చేరింది.

ఎలా? కిటుకు మెషీన్లో లేదు, చెట్టులో ఉంది. అక్కడి ప్రభుత్వం కంపెనీలకు వేల హెక్టార్ల భూమి లీజుకిచ్చింది. ఐదారేళ్లలో కోతకొచ్చే అకేషియా వేశారు. సుమత్రా దీవిలో తోట, గుజ్జు, కాగితం.. అన్నీ దగ్గరదగ్గరే. మన దగ్గర 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలను అడవి మీద ఆధారపడొద్దంది, రైతులతో చెట్లు పెంచించుకోమంది. అందుకే మన మిల్లులకు నీలగిరి, సుబాబుల్ రైతు పొలం నుంచే రావాలి. నాలుగైదేళ్లు ఆగాలా, ఈ ఏడే పత్తి వేయాలా అన్నది రైతు లెక్క.

ఇంతలో 2010లో ఆసియాన్ దేశాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకొచ్చింది. 2014 జనవరి నాటికి అక్కడి కాగితంపై దిగుమతి సుంకం సున్నా అయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సిర్పూర్ మిల్లు ఆగిపోయింది. సుంకం వల్లే మూతపడిందంటే తప్పు. నష్టాలు, అప్పులు అంతకుముందు నుంచే ఉన్నాయి. కానీ అలాంటి మిల్లు తేరుకోవడానికి అది మంచి కాలం కాదు. నాలుగేళ్ల తర్వాత, 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక గానీ మళ్లీ కదల్లేదు.

మన గ్రాఫ్ అంతా కిందికే లేదు. 2021-22లో మన కాగితం ఎగుమతులు దాదాపు 80 శాతం పెరిగి రూ.13,963 కోట్లకు చేరాయి. అంటే అమ్మడం మనకూ వచ్చు.

అక్కడి చవకకు ఇంకో లెక్క కూడా ఉంది. తోటల కోసం తడి పీట్ నేలలను ఎండగట్టారు. ఎండిన నేల అంటుకుంటే ఆరదు. 2015లో ఇండోనేషియా మంటల పొగ సింగపూర్, మలేషియాలను కమ్మేసింది. ఆ ఖర్చు కట్ట మీది ధరలో కనపడదు.

మన మిల్లులకు వచ్చేది రైతు పొలంలో పెరిగిన కర్ర. అదే మన బలం కావాలంటే, కోతకొచ్చేదాకా రైతుకు ధైర్యం కావాలి. ముందే ఒప్పుకున్న ధర, మధ్యలో చేతికొచ్చే అంతర పంట ఉండాలి. సుంకం మాటకొస్తే, అది ఢిల్లీలో తేలాల్సిన లెక్క.

ఈసారి కాగితాల కట్ట కొంటే అడుగున ఓసారి చూడండి. ఆ చిన్న అక్షరాల వెనుక మన దగ్గరి ఓ ఊరి కథ కూడా ఉంది.