మందు సమముగా పడనిచో ముందు పంపును పరీక్షింపుడు

(వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (ఏజి.))

వరిచేలో కలుపు మందు కొట్టిన తరువాత ఒకచోట కలుపు చచ్చి, ఆ ప్రక్కనే పచ్చని చారలు మిగులుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. పత్తిలో ఒక సాలు ఆకులు మాడి, ప్రక్క సాలులో పురుగు చెక్కుచెదరక యుండుటయు కలదు. అట్టి సమయమున మందు నాసిరకమని తలచి, మరల కొని రెండవమారు కొట్టుట పరిపాటి. దీనివలన ఖర్చు రెండింతలగును, పైరు దెబ్బతినును. అంతేకాదు, తక్కువ మోతాదు తగిలి బ్రతికిన పురుగుల సంతతి క్రమముగా ఆ మందుకు లొంగకుండ పోవును. కావున మందును అనుమానించుటకు ముందు పంపును చూడుడు. ఇందుకు మంచినీరు, కొలపాత్ర, గడియారము ఉన్న చాలును.

చేను చెప్పు సంగతి

మీరు నడచిన దిశలోనే బారుగా చారలు మిగిలినచో నాజిల్‌లో లోపమున్నదనియో, ఒక పట్టీకి మరియొక పట్టీకి నడుమ ఖాళీ వదలితిరనియో గ్రహింపవలెను. ప్రతి టాంకీ మొదట కొట్టినచోట ఆకు మాడి, చివర కొట్టినచోట మందు పనిచేయనిచో పొడిమందు నీటిలో సరిగా కలియక అడుగున పేరుకొన్నదన్నమాట. పొడిమందును ముందుగా కొద్ది నీటిలో జావగా కలిపి, వడగట్టి, తరువాత టాంకీలో పోయవలెను.

నీటితో పరీక్ష

టాంకీని శుభ్రముగా కడిగి, సగము వరకు మంచినీరు పోసి, పొడిగా ఉన్న సిమెంటు కళ్లముపై పిచికారి చేయుడు. బల్లపరుపుగా చిమ్ము ఫ్లాట్ ఫ్యాన్ నాజిలైనచో నేలకు అడుగున్నర ఎత్తున పట్టుకొని నిదానముగా నడువుడు. పిమ్మట తడి ఆరు తీరును గమనింపుడు. ఒక ప్రక్క ముందుగా ఆరినచో నాజిల్ రంధ్రము ఆ ప్రక్క మూసుకొని ఉండును. నడుమ చార ఎంతకును ఆరనిచో నాజిల్ అరిగి ఉండవచ్చును. పిచికారి వెడల్పు తగ్గి లావు చుక్కలు రాలుచున్నచో ఒత్తిడి చాలదని అర్థము.

నాజిల్ సంగతి

పెక్కు లోపములు ఇక్కడనే దొరకును. చేతులకు తొడుగులు వేసికొని నాజిల్‌ను, దాని వెనుక నున్న జల్లెడను విప్పి, నీటిలో నానబెట్టి, పాత పండ్ల బ్రష్షుతో రుద్దుడు. పిన్నీసుతో గాని తీగతో గాని పొడువరాదు. రంధ్రము ఆకారము చెడినచో అది మరల బాగుపడదు. నోటితో ఊదుట ప్రాణాపాయము.

తరువాత ఒక నిమిషము పాటు నాజిల్ నుండి వచ్చు నీటిని కొలువుడు. అదే రకము క్రొత్త నాజిల్‌తో, అదే ఒత్తిడితో పోల్చి చూడుడు. క్రొత్తది 600 మి.లీ. ఇచ్చుచుండగా పాతది 660 మి.లీ. మించి ఇచ్చినచో, అనగా నూటికి 10 వంతులకంటె హెచ్చినచో, దానిని మార్చవలెను. కలుపు మందులకు ఫ్లాట్ ఫ్యాన్ లేక ఫ్లడ్ జెట్, పురుగు మందులకు హాలో కోన్ నాజిల్ తగినవి.

ఒత్తిడి నిలువనిచో

నాజిల్ బాగుండియు మందు ఆగి ఆగి వచ్చుచున్నచో ఈ వరుసలో చూడుడు: టాంకీ మూతలో గాలి పోవు రంధ్రము, చేతిపిడిలోని జల్లెడ, గొట్టము అతుకులు, పంపులోని వాషరు, చివరకు కవాటములలో చెత్త. బ్యాటరీ పంపులలో ఛార్జింగు తగ్గినను ఇదే లక్షణము కన్పించును. చేతిపంపును నిమిషమునకు సుమారు 15 నుండి 20 మార్లు ఒకే తీరుగా కొట్టవలెను. కలుపు మందు కొట్టునపుడు నాజిల్‌ను కుడియెడమలకు ఊపరాదు. పట్టీల అంచులు కొంత ఒకదానిపై నొకటి పడునట్లు నడువవలెను.

ఎకరమునకు ఎంత పడుచున్నది?

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుగల మడిని గుర్తించి, టాంకీలో ఒక గీత వరకు నీరు పోసి, మడి అంతయు పిచికారి చేయుడు. మరల గీత వరకు నింపుటకు పట్టిన నీటిని 40చే హెచ్చించినచో ఎకరమునకు పట్టు నీరు ఇంచుమించుగా తెలియును. ఉదాహరణకు 5 లీటర్లు పట్టినచో ఎకరమునకు 200 లీటర్లు, అనగా 16 లీటర్ల టాంకీలు పన్నెండున్నర. ఎకరమునకు ఒక లీటరు వాడవలసిన మందైనచో టాంకీకి 80 మి.లీ. చొప్పున కలుపవలెను. అరిగిన నాజిల్‌తో అదే మడికి 6 లీటర్లు పట్టినచో టాంకీలు 15 అగును. పాత లెక్కనే 80 మి.లీ. కలిపినచో ఎకరమునకు 1200 మి.లీ. పడును. ఆ 200 మి.లీ. మీ డబ్బును తినుటయే గాక పైరునకును చెరుపు చేయును.

పని ముగిసిన తరువాత

పంపును, గొట్టమును, నాజిల్‌ను మూడుమార్లు కడుగవలెను. ఆ నీరు బావిలో గాని కాలువలో గాని కలియరాదు. కలుపు మందునకు వేరుగా ఒక పంపు నుంచుకొనుట క్షేమము. 2,4-డి కొద్దిగా మిగిలిన పంపుతో పత్తిలో మందు కొట్టినచో ఆకులు ముడుచుకొని పైరు పాడగును.

గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు పంట కాలమునకు ముందే ఒక దినము నిర్ణయించి, ఊరిలోని పంపులన్నిటిని ఒకచోట చేర్చి ఈ పరీక్ష జరిపించుట మంచిది. రైతులు తమ పాత నాజిల్‌లను వెంట తెచ్చుకొని, క్రొత్తదానితో పోల్చి స్వయముగా కొలిచి చూచుకొందురు గాక!