లెక్క నలుగురూ పంచుకుంటే...

ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి కొత్త లాప్‌టాప్ కొనుక్కోవడానికి స్కాలర్‌షిప్ కోరుతూ మన ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకుంది. ప్రాజెక్టు లెక్క రాత్రంతా నడిచినా తేలడం లేదట. నేను కామర్స్ వాణ్ణి. అయినా విషయం తెలుసుకుందామని పక్కన కూర్చుని చూశాను. ఆమె మెషీన్‌లో నాలుగు కోర్లున్నాయి. పని చేస్తున్నది ఒక్కటే!

ఆమె వాడే ‘ఆర్’ ఉచిత సాఫ్ట్‌వేర్. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది సాధారణంగా ఒక్క కోరుతోనే లెక్క చేస్తుంది. పనిని పంచే ‘పారలల్’ ప్యాకేజీ 2011 నుంచి ఆర్‌తో పాటే వస్తోంది. విడిగా కొననక్కరలేదు.

బ్యాంకులో హాఫ్ ఇయర్లీ క్లోజింగ్ గుర్తు తెచ్చుకోండి. వడ్డీ లెక్కలు ఒక్కడే వేస్తే 9 గంటలు, చివర జనరల్ లెడ్జర్‌తో టాలీ చేయడానికి 1 గంట, మొత్తం 10 గంటలు అనుకుందాం. నలుగురు గుమాస్తాలు లెడ్జర్లు పంచుకుంటే 9 గంటల పని రెండుంబావు గంటల్లో అవుతుంది. టాలీ మాత్రం ఒక్కరే చేయాలి. మొత్తం మూడుంబావు గంటలు. వందమందిని పెట్టినా ఆ చివరి గంట తగ్గదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం సారాంశం ఇదే. 1991లో పుణె సి-డాక్ తయారు చేసిన ‘పరమ్ 8000’ సూపర్ కంప్యూటర్ కూడా అనేక ప్రాసెసర్లకు పని పంచే పద్ధతిదే.

అమ్మాయి చేస్తున్నది బూట్‌స్ట్రాప్. నమూనాను వేలసార్లు తిరిగి తీసి, ప్రతిసారీ లెక్క కట్టాలి. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు గనుక పంచడం తేలిక. ఒక లెక్క ఫలితం మీద తరువాతి లెక్క ఆధారపడితే ఇలా పంచలేము.

విద్యార్థులు గమనించవలసినవి:

1. ఒక కోరును మిగతా పనులకు వదిలేయండి.

2. విండోస్‌లో ‘మేక్ క్లస్టర్’, ‘పార్ లాప్లై’ వాడండి. ఒక్కో కోరుకు డేటా నకలు వెళ్తుంది కనుక మెమరీ చాలకపోతే వేగం పెరగకపోగా తగ్గుతుంది.

3. యాదృచ్ఛిక సంఖ్యలకు ‘క్లస్టర్ సెట్ ఆర్‌ఎన్‌జి స్ట్రీమ్’తో సీడ్ ఇవ్వండి. లేకపోతే గైడు ముందు మళ్ళీ నడిపినప్పుడు అవే అంకెలు రావు.

4. చిన్న లెక్కను పంచవద్దు. పంచే శ్రమే ఎక్కువవుతుంది.

ఆ అమ్మాయి లెక్క తెల్లవారకముందే తేలింది. లాప్‌టాప్ దరఖాస్తు వెనక్కి తీసుకుని, హాస్టల్ మెస్ ఫీజుకు మళ్ళీ రాసింది. కొత్త మెషీన్ కోసం అప్పు చేసే ముందు, ఉన్నదానితో పూర్తిగా పని చేయించుకుంటున్నామా అని ఒకసారి చూసుకోండి.