పొట్టి తీగల మంద్రనాదం

సంగీతంలో మంద్రస్వరానికి గల స్థానం కట్టడంలో పునాదికి గల స్థానం వంటిది. కంటికి కనబడేది గోపురమే. కాని దాని బరువును మోసేది భూమిలో దాగిన రాయి. పాశ్చాత్య వాద్యబృందాలలో ఆ భారాన్ని వహించే తంత్రీవాద్యాలలో బేస్ గిటారు వయస్సున మిక్కిలి పిన్నది. నాలుగు తీగల ఈ వాద్యం సామాన్యమైన గిటారుకంటె ఒక స్థాయి క్రిందుగా పలుకుతుంది. పాట వినేవారిలో పలువురు దాని ఉనికినే గుర్తించరు. అది ఆగిపోయినప్పుడు మాత్రం పాట ఒక్కసారిగా డొల్లపడినట్లు అందరికీ తోస్తుంది.

ఈ వాద్యాన్ని నేర్వబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న తీగ పొడవును గురించినది. వీణలో మేరువు మొదలు గుర్రం దాకా తీగ ఎంత మేర మ్రోగుతుందో చెప్పే కొలత వంటిదే గిటారుకు ‘స్కేలు’ అనే కొలత. నేడు విరివిగా అమ్ముడయ్యే బేస్ గిటార్లలో అది 34 అంగుళాలు. 30 అంగుళాలు గాని, దానికి కొంచెం అటూ ఇటూగా గాని ఉన్నవాటిని ‘షార్ట్ స్కేలు’ బేస్‌లంటారు. ఇవి పిల్లల ఆటవస్తువులనీ, నిజంగా నేర్వదలచినవాడు పెద్దదానినే పట్టవలెననీ ఒక అభిప్రాయం వ్యాపించి ఉన్నది. చిన్న చేతుల బాలుడో బాలికయో ఈ మాట నమ్మి, పెద్ద వాద్యంతో కొంతకాలం పెనుగులాడి, లోపం తన చేతిదేనని నిశ్చయించుకొని విద్యనే విడిచిపెట్టే ప్రమాదం లేకపోలేదు. కనుక ఆ అభిప్రాయానికి గల ఆధారమెంతో విచారించడం అవసరం.

34 అంగుళాల కొలత ప్రకృతి విధించినది కాదు. పూర్వం ఈ పని చేసిన డబుల్ బేస్ మనిషి ఎత్తును మించిన వాద్యం. దాని తీగ సాధారణంగా 40 అంగుళాలు దాటుతుంది. దానిని మోసుకొని ఊరూరా తిరగడం ఒక కష్టం; తక్కిన వాద్యాల హోరులో దాని నాదం మునిగిపోవడం మరొక కష్టం. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్, విద్యుత్తు సాయంతో పలికేదీ, గిటారువలె అడ్డంగా పట్టి వాయించేదీ అయిన బేస్‌ను నిర్మించారు. దాని తీగ సుమారు 30 అంగుళాలే. పుట్టుకలోనే ఈ జాతి పొట్టిదన్నమాట! కాని అది ప్రచారంలోకి రాలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 34 అంగుళాల ‘ప్రెసిషన్ బేస్’ను వెలువరించారు. దానికి లభించిన ఆదరణవల్ల ఒక కర్మాగారపు కొలత క్రమంగా లోకానికంతకూ కొలత అయినది. అయినా 1953లో గిబ్సన్ సంస్థ 30.5 అంగుళాల బేస్‌ను, 1956లో జర్మనీకి చెందిన హాఫ్‌నర్ సంస్థ 30 అంగుళాలదానిని అంగడికి తెచ్చినవి. తుదకు ఫెండర్ సంస్థయే 1966లో ‘ముస్టాంగ్’ పేరిట 30 అంగుళాల బేస్‌ను తయారుచేసినది.

వీటిలో హాఫ్‌నర్ కథ చెప్పుకోదగినది. 1961లో బీటిల్స్ బృందం జర్మనీలోని హాంబర్గు నగరంలో రాత్రివేళల వాయిస్తూ పొట్టపోసుకొంటున్నది. బేస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ చిత్రలేఖనం కోసం తప్పుకొనగా ఆ పని పాల్ మెకార్ట్నీ మీద పడినది. ఆయనది ఎడమచేతి వాటం. ఫిడేలు ఆకారంలో రెండు ప్రక్కలా సమంగా ఉన్న హాఫ్‌నర్ త్రిప్పి పట్టినా వికారంగా కనబడదు. లోపల గుల్ల కనుక తేలిక. వెల సుమారు 30 పౌనులు మాత్రమే. ‘లవ్ మీ డూ’, ‘షీ లవ్స్ యూ’ పాటలలో వినవచ్చే మంద్రనాదం ఆ వాద్యానిదే. 1972లో లండనులో అది దొంగల పాలై, అర్ధశతాబ్దం జాడ తెలియక, మళ్లీ ఆయనను చేరినదన్న వార్త 2024లో వెలువడినది. ‘క్రీమ్’ బృందంలో జాక్ బ్రూస్ ఉద్ధతంగా మ్రోగించిన గిబ్సన్ ఇ.బి.-3 కూడా 30.5 అంగుళాలదే. ఇటువంటివాటిని ఆటవస్తువులనడం చెల్లదు.

పొడవు తగ్గితే నాదం మారదా అంటే, మారుతుంది. ఫ్రాన్సు దేశపు పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథంలో తీగల కంపన సూత్రాలను వివరించారు. వాటి ప్రకారం ఒకే రకపు తీగను ఒకే శ్రుతిలో నిలపవలెనంటే బిగువు పొడవు వర్గానికి అనులోమానుపాతంలో ఉండవలెను. 34కు బదులు 30 అంగుళాలైతే బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. అట్టి తీగ వ్రేలికి సుళువుగా లొంగుతుంది. మీటినప్పుడు విశాలంగా ఊగుతుంది. నాదంలో మూలస్వరం ప్రధానమై, పలుకు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. పొడవైన తీగలోనైతే అతిస్వరాలు స్ఫుటంగా లేచి పలుకుకు గణగణలాడే తేటదనాన్ని ఇస్తవి. సెకనుకు సుమారు 41 కంపనాలతో మ్రోగే అడుగు తీగలో పొట్టి వాద్యం కొంత స్పష్టత కోల్పోవచ్చును. అంతకు దిగువన పలికే ఐదవ తీగను కోరేవారికి పొడవైన వాద్యమే మేలు. ఈ రెంటి మధ్య ఉన్నది హెచ్చుతగ్గుల భేదం కాదు, గళభేదం.

మెట్ల ఎడం కూడా లెక్కకు అందేదే. చూపుడు వ్రేలు మొదటి మెట్టు వద్ద, చిటికెన వ్రేలు నాల్గవ మెట్టు వద్ద ఉంచవలసి వస్తే, 34 అంగుళాల వాద్యంలో ఆ మెట్ల నడిమి దూరం సుమారు 5.1 అంగుళాలు, 30 అంగుళాలదానిలో 4.5. భేదం అర అంగుళానికి కొంచెం ఎక్కువ. చూపునకు స్వల్పమే, పాట పొడుగునా పదేపదే చాచే చేతికి స్వల్పం కాదు. డబుల్ బేస్ విద్వాంసులు ఉంగరపు వ్రేలిని చిటికెన వ్రేలికి ఆసరాగా చేర్చి, చేతిని జరుపుతూ వాయిస్తారు. ఆ పద్ధతితో చిన్న చేయిగలవారు పెద్ద బేస్ గిటారునూ సాధించవచ్చును. కాని మణికట్టును వంచి నొప్పిని భరించడం సాధన అనిపించుకోదు.

ఎన్నికలో కొన్ని పరీక్షలు అవసరం. మొదట వాద్యాన్ని భుజాన తగిలించుకొని చేతులు వదలి చూడవలెను. తల భాగం నేలవైపు వ్రాలితే, ఎడమచేయి వాయించడం మాని దానిని మోయవలసి వస్తుంది. పిదప అడుగు తీగను మెల్లగాను, గట్టిగాను మీటి, రెండు విధాలా స్వరం నిలుస్తున్నదేమో వినవలెను. పన్నెండవ మెట్టుపై నొక్కిన స్వరం విడితీగకు సరిగా పై స్థాయిలో కలియవలెను. కలియకపోతే గుర్రాన్ని జరిపి సరిచేసే వీలున్నదో లేదో విచారించవలెను. తీగ పొడవు వేరు, దండి వెడల్పూ మందమూ వేరు. పొట్టి వాద్యానికీ లావాటి దండి ఉండవచ్చును. తీగలను షార్ట్ స్కేలుకు ఉద్దేశించినవే కొనవలెను. పొడవైనవి కొని కత్తిరిస్తే పై చుట్టు విడిపోవచ్చును. చదునైన చుట్టు గల తీగలు మెత్తగాను, గుండ్రని చుట్టు గలవి తేటగాను పలుకుతవి. అడుగు తీగ మరీ వదులనిపిస్తే కొంచెం లావైనదానిని వేసుకొనవచ్చును.

అన్నిటికంటె మంచి పరీక్ష రెండు కొలతల వాద్యాలనూ ఒకేచోట ఉంచి, ఒకే వరుసను రెంటిమీద పావుగంటసేపు చొప్పున వాయించి చూడడం. చెవి ఏ నాదాన్ని కోరుతున్నదో, చేయి దేనిమీద అలసట లేక నిలుస్తున్నదో అప్పుడు విద్యార్థికే తెలుస్తుంది. ఉపాధ్యాయుడు ఆ నిర్ణయాన్ని తన అలవాటుతో అడ్డగించకుండుటే చాలును. నేడు పొట్టిదానిని పట్టినవాడు రేపు పెద్దదానికి మారవచ్చును. మారకపోయినా కొరత లేదు. మెకార్ట్నీ ఎనభై ఏండ్లు దాటిన తరువాత కూడా, 1963లో సమకూర్చుకొన్న రెండవ హాఫ్‌నర్‌నే భుజాన వేసుకొని వేదిక ఎక్కారు. దాని తీగ పొడవు 30 అంగుళాలే.