చూపించిన రోజే చేజారిన రూపం

2014 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌జౌ మోటార్ షోలో ల్యాండ్‌విండ్ ఎక్స్7 అనే కొత్త కారు జనం ముందుకొచ్చింది. వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలే పైకప్పు, దానికి ఎదురుగా పైకి లేచే కిటికీల గీత, ఉబ్బెత్తు చక్రాల అంచులు, సన్నటి హెడ్‌లైట్లు. పేరు చదవకపోతే ఎవరైనా దాన్ని రేంజ్ రోవర్ ఇవోక్ అనే అనుకుంటారు. ధర మాత్రం సుమారు లక్షా ముప్ఫై వేల యువాన్లు, అంటే చైనాలో ఇవోక్ ధరలో దాదాపు మూడో వంతు.

ఇవోక్‌ను తయారుచేసేది జాగ్వార్ ల్యాండ్ రోవర్. 2008లో టాటా మోటార్స్ ఈ కంపెనీని ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్నది. కాబట్టి ఆ కాపీ దెబ్బ తగిలింది బ్రిటన్‌లో గీసిన బొమ్మకే అయినా, నష్టం భారతీయ యజమానిది కూడా. ఇవోక్ నమూనా 2008 జనవరిలో డెట్రాయిట్ షోలో ఎల్ఆర్ఎక్స్ పేరుతో కనబడింది. అమ్మకానికి రావడానికి మరో మూడేళ్లు పట్టింది. ఒక కొత్త కారు రూపం వెనక వందలాది స్కెచ్‌లుంటాయి. అసలు కారంత సైజులో మట్టితో మలిచిన నమూనాలుంటాయి. అరచేత్తో తడిమి, వెలుతురు పడితే వంపు ఎలా మెరుస్తోందో చూసి, మిల్లీమీటరు చెక్కి మళ్లీ చూసే నిపుణుల చేతి పని అది. కాపీ కొట్టేవాడికి ఆ శ్రమ, ఆ కాలం, ఆ ఖర్చు అన్నీ మిగులే. అందుకే ధర అంత తగ్గించగలడు.

అసలు కారు జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ది కాబట్టి కోర్టుకెళ్తే సులువుగా గెలుస్తారనిపిస్తుంది. జరిగింది వేరు.

జాగ్వార్ ల్యాండ్ రోవర్‌కు చైనాలో ఇవోక్ రూపం మీద డిజైన్ పేటెంట్ ఉండేది. దానికోసం దరఖాస్తు పెట్టింది 2011 నవంబరులో. కానీ అదే కారును 2010 డిసెంబరులో చైనా జనానికి ప్రదర్శనలో చూపించేశారు. అదీ ఇదే గ్వాంగ్‌జౌ షోలో. మధ్యలో గడిచినవి పదకొండు నెలలు. దరఖాస్తు పెట్టే నాటికి లోకానికి తెలిసిపోయిన రూపాన్ని చట్టం కొత్తదిగా ఒప్పుకోదు. మీ కారే, మీరే చూపించారు, అయినా సరే. ల్యాండ్‌విండ్ వాళ్లు కూడా తమ ఎక్స్7 రూపానికి 2013 నవంబరులో దరఖాస్తు పెట్టి పేటెంట్ తెచ్చుకున్నారు. 2016లో చైనా పేటెంట్ అధికారులు రెండింటినీ పరిశీలించి రెండూ చెల్లవన్నారు. ల్యాండ్‌విండ్‌ది చెల్లదు, ఎందుకంటే అది ఇవోక్‌ను పోలి ఉంది. ఇవోక్‌ది కూడా చెల్లదు, ఎందుకంటే దాన్ని ముందే జనం చూసేశారు. కాపీ అని తేల్చిన అధికారులే అసలు వాడి చేతిలోని కాగితాన్ని కూడా రద్దు చేశారన్నమాట.

డిజైన్ రక్షణకు ఆయువుపట్టు కొత్తదనం. ఆ కొత్తదనాన్ని లెక్కించేది గీసిన తేదీ నుంచి కాదు, దరఖాస్తు చేరిన తేదీ నుంచి. చైనాలోనూ, మన దేశంలోనూ ఆ తేదీకి ముందు షోలో పెట్టినా, పత్రికలో ఫోటో వేసినా, ఇంటర్నెట్‌లో బొమ్మ పెట్టినా కొత్తదనం పోయినట్టే లెక్క. పరీక్ష కోసం హైవేల మీద తిప్పే కొత్త కార్లకు నలుపు తెలుపు వంకర గీతల స్టిక్కర్లు అతికించడం చాలామంది చూసే ఉంటారు. అవి పోటీదారుల కళ్ల నుంచి, కెమెరాల నుంచి వంపులను దాచడానికే. ఇంకా రిజిస్టర్ కాని రూపమైతే దాని కొత్తదనాన్ని కాపాడేది కూడా ఆ మారువేషమే.

పేటెంట్ పోయాక జాగ్వార్ ల్యాండ్ రోవర్ దారి మార్చింది. 2016లో బీజింగ్‌లోని చావోయాంగ్ జిల్లా కోర్టులో దావా వేసి, కాపీరైట్‌తో పాటు అక్రమ పోటీని కూడా ఎత్తిచూపింది. తమ కారుకున్న పేరును, గుర్తింపును వాడుకుని కొనేవాళ్లను తికమక పెడుతున్నారన్నది వాదన. 2019 మార్చిలో తీర్పొచ్చింది. ఇవోక్‌కే ప్రత్యేకమైన అయిదు లక్షణాలను నేరుగా కాపీ చేశారని, దానివల్ల కొనుగోలుదారులు పొరబడ్డారని కోర్టు తేల్చి, ఎక్స్7 తయారీ, అమ్మకం, ప్రచారం ఆపాలనీ పరిహారం కట్టాలనీ ఆదేశించింది. చైనా కోర్టులో విదేశీ కార్ల కంపెనీ ఇలా గెలవడం అరుదు. అయితే తేదీ గమనించాలి. అప్పటికి నాలుగు నెలల ముందే, 2018 నవంబరులో, ఇవోక్ రెండో తరం కారు బయటికొచ్చేసింది. ఏ రూపం కోసం కొట్లాడారో ఆ రూపం షోరూమ్ నుంచి వెళ్లిపోయే వేళకు న్యాయం దక్కింది. ఆలస్యమైనా దక్కింది కదా అనొచ్చు. కానీ ఎక్స్7 అమ్మకాలు 2015 నుంచీ సాగాయి. ఆ కాలాన్ని ఏ తీర్పూ వెనక్కి తేలేదు.

హోండాకు ఇంకా చేదు అనుభవం ఎదురైంది. తమ సీఆర్-వీని షువాంగ్‌హువాన్ అనే చైనా సంస్థ కాపీ కొట్టిందని 2003లో హోండా గొడవ మొదలుపెట్టి, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. పన్నెండేళ్ల తర్వాత, 2015లో చైనా సుప్రీం కోర్టు తేల్చిందేమిటంటే ఆ లేఖలతో షువాంగ్‌హువాన్ వ్యాపారం దెబ్బతిన్నదని, హోండాయే కోటీ అరవై లక్షల యువాన్లు చెల్లించాలని. హక్కు గట్టిగా నిలబడుతుందో లేదో తేలకముందే మార్కెట్‌లో దండోరా వేయించడం ఎంత ప్రమాదమో ఈ కేసు చెబుతుంది.

భారతీయ కంపెనీ బోనులో నిలబడ్డ కేసూ ఉంది. మహీంద్రా 1947 నుంచి విల్లీస్ లైసెన్సుతో జీపులు తయారుచేస్తూ వచ్చిన సంస్థ. 2018లో అమెరికాలోని మిషిగన్‌లో రాక్సర్ అనే వాహనాన్ని విడుదల చేసింది. పొలాల్లో, కొండ దారుల్లో తిప్పుకోవడానికే అది, మామూలు రోడ్ల మీదికి కాదు. అదే ఏడాది ఆగస్టులో జీప్ అప్పటి యజమాని ఫియట్ క్రిస్లర్ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రూపానికి ఇప్పుడు డిజైన్ పేటెంట్ దొరకదు. అందుకని వాళ్లు ఎంచుకున్న ఆయుధం ట్రేడ్ డ్రెస్. ఒక వస్తువు ఆకారం చూడగానే ఫలానా కంపెనీది అని జనం గుర్తుపడుతుంటే, ఆ గుర్తింపే ఒక ఆస్తి. నిటారు పక్కలు, పెట్టెలాంటి ఒళ్లు, ముందుకు సన్నబడే బానెట్, దాని మీద బయటికి కనిపించే గడియలు, ఇవన్నీ కలిసి జీప్ అని చెబుతున్నాయన్నది వాదన. 2020 జూన్‌లో కమిషన్ ఈ వాదనను ఒప్పుకుని రాక్సర్ విడిభాగాల దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. మహీంద్రా వాహనం రూపం మార్చింది. మార్చిన రూపానికి అభ్యంతరం లేదని డిసెంబరులో కమిషన్ తేల్చింది. కోర్టు వాదనలు మాత్రం ఆ తర్వాత కూడా సాగాయి.

ట్రేడ్ డ్రెస్ రక్షణకు గడువు అంటూ లేకపోవడం దాని బలం. అయితే అది చేతికి రావాలంటే ముందు జనం మనసులో ఏళ్ల తరబడి స్థిరపడాలి. కొత్త కారుకు ఆ భాగ్యం ఉండదు. దానికి దిక్కు డిజైన్ రిజిస్ట్రేషనే.

మన దేశంలో దీనికి డిజైన్ల చట్టం 2000 ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. పరిశీలించేది కోల్‌కతాలోని పేటెంట్ కార్యాలయం. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఫీజు 1,000 రూపాయలు, పెద్ద కంపెనీలకు 4,000. కారును ముందు, వెనక, పక్కల, పై నుంచి చూపే బొమ్మలు జతచేయాలి. పది సంవత్సరాల రక్షణ, మరో అయిదేళ్ల పొడిగింపు. చట్టం చూసేది కంటికి కనిపించే రూపాన్నే. ఇంజిన్ ఎలా పనిచేస్తుందన్నది ఇందులోకి రాదు, దానికి పేటెంట్ వేరు. విడిగా తయారై విడిగా అమ్ముడయ్యే భాగాన్ని, అంటే హెడ్‌లైట్‌నో, చక్రాన్నో, బంపర్‌నో వేరుగా రిజిస్టర్ చేసుకోవచ్చు.

రిజిస్టర్ చేయకపోయినా నేను గీసిన బొమ్మకు కాపీరైట్ ఉంటుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా పనికిరాదు. డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ రూపాన్ని రిజిస్టర్ చేయకుండా, దాంతో ఫ్యాక్టరీలో యాభైకి మించి వస్తువులు తయారుచేస్తే ఆ కాపీరైట్ ముగిసిపోతుందని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. యాభై కార్లంటే ఒక ఫ్యాక్టరీకి ఒక్క పూట పని.

యూరప్‌లో కథ వేరు. అక్కడ రిజిస్టర్ చేయకపోయినా, రూపాన్ని బయటపెట్టిన రోజు నుంచి మూడేళ్ల రక్షణ దానంతటదే వస్తుంది. ఫెరారీ 2014 డిసెంబరు 2న ఎఫ్ఎక్స్ఎక్స్ కె కారు ఫోటోలు రెండింటిని పత్రికలకు విడుదల చేసింది. మాన్సరీ డిజైన్ అనే సంస్థ ఆ కారు ముందుభాగాన్ని పోలిన విడిభాగాలు అమ్మడంతో వివాదం యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్లింది. ఫోటోలో ఒక భాగం స్పష్టంగా కనిపిస్తే ఆ భాగానికి కూడా రక్షణ దక్కవచ్చని 2021 అక్టోబరులో కోర్టు చెప్పింది. అక్కడ ఫోటో విడుదలతో హక్కు పుడితే, మన దగ్గర అదే ఫోటోతో హక్కు చచ్చిపోతుంది. హైదరాబాద్‌లో గీసిన ఎలక్ట్రిక్ బండి స్కెచ్‌ను ఉత్సాహం కొద్దీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే కుర్రవాడికి ఈ తేడా ఎవరో ఒకరు ముందే చెప్పి తీరాలి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు ఒక మినహాయింపు ఉన్నా, ముందే అధికారులకు తెలియజేసి, ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. సోషల్ మీడియాకు అలాంటి మినహాయింపే లేదు.

మన చట్టంలో మరో బలహీనత ఉంది. డిజైన్ దొంగిలించినవాడి నుంచి రుణంలా వసూలు చేయగలిగిన మొత్తం ఒక డిజైన్‌కు 50,000 రూపాయలు దాటకూడదని సెక్షన్ 22 అంటోంది. అది కాకుంటే నష్టపరిహారం, నిషేధపు ఉత్తర్వు కోరుతూ దావా వేసుకోవచ్చు, పెద్ద కంపెనీలు ఎంచుకునే దారి అదే. లాయర్ల ఖర్చు భరించలేని చిన్న డిజైనర్‌కు మాత్రం 50,000 అన్నది నేటి ధరల్లో న్యాయం అనిపించదు. ఆ పరిమితిని ఎత్తేయడం ఎప్పుడో జరగాల్సింది.

రూపాన్ని బయటపెట్టిన తర్వాత కూడా దరఖాస్తుకు ఏడాది వెసులుబాటు ఇవ్వాలన్న నియమం 2024 నవంబరులో రియాద్ సదస్సులో ఆమోదించిన అంతర్జాతీయ డిజైన్ చట్ట ఒప్పందంలో ఉంది. భారత్ ఆ సదస్సు తుది పత్రం మీద సంతకం చేసింది. అయితే ఆ ఒప్పందం అమల్లోకి రావాలంటే కనీసం పదిహేను పక్షాలు ధ్రువీకరించాలి. ఆపైన మన పార్లమెంటు చట్టాన్ని సవరించాలి.