కోడిపెట్టను ఎత్తుకుపోయిందెవరు?

విద్యార్థులారా! డిటెక్టివ్ కథలంటే మీకు ఇష్టమే కదా? ఈ నెల మనమూ ఒక దొంగతనం కేసు పరిశోధిద్దాం. పోయింది బంగారు గొలుసు కాదు, ఎర్రని నాటు కోడిపెట్ట!

ఒక పల్లెలో ఒక అవ్వకు ఆరు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయనుకుందాం. ఒక సాయంత్రం గంప కింద మూయబోతే ఎర్రపెట్ట కనిపించలేదు. మర్నాడూ రాలేదు. "ఇది ఆ వీధికుక్క పనే!" అంటూ అవ్వ దుడ్డుకర్ర అందుకుంది. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు అడ్డుపడింది. "ఆగవ్వా! కుక్కను కొట్టేముందు సాక్ష్యం చూద్దాం" అంది.

అనుమానితులు ఎవరు?

కుక్క, నక్క, జంగుపిల్లి, ముంగిస, గద్ద, కొండచిలువ - ఇవన్నీ కోళ్లను తినేవే. కానీ ఒక్కొక్కదాని పని తీరు ఒక్కొక్క రకం. గద్ద ఈకలను పీకి పారేస్తుంది. అందుకే వాటి కాడలు విరగకుండా ఉంటాయి. కుక్క, నక్క, పిల్లి పళ్లతో కొరుకుతాయి గనుక ఈకల కాడలు నలిగి, విరిగి ఉంటాయి. కొండచిలువ మాత్రం కోడిని ఈకలతో సహా మింగేస్తుంది.

మనవరాలు పెరడంతా గాలించింది. ఒక్క ఈక లేదు, నెత్తుటి చుక్క లేదు. అయితే కొండచిలువేనా? తొందరపడకూడదు!

బూడిద చెప్పిన సాక్ష్యం

ఆమె పొయ్యిలోని బూడిదను జల్లించి, పెరటిలో పలుచగా చల్లింది. అది చెదరకుండా మిగిలిన కోళ్లన్నింటినీ ఆ రోజుకు గంపల కిందే ఉంచి, అక్కడే గింజలు, నీళ్లు పెట్టింది.

కుక్క అడుగులో నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు ఉంటాయి. పిల్లికీ నాలుగు వేళ్లే. కానీ నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది గనుక వాటి గుర్తు పడదు. ముంగిస అడుగులో అయిదు వేళ్లు. పాము పాకితే చార పడుతుంది.

మధ్యాహ్నానికి గుర్తులు పడ్డాయి. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు! అది కోడి అడుగే. ఇంట్లోని కోళ్లన్నీ గంపల కింద ఉండగా ఈ కోడి ఎక్కడిది? అడుగులు నీళ్లతొట్టి నుంచి గడ్డివామి దాకా సాగాయి. గడ్డి కొంచెం తొలగించి చూస్తే ఎర్రపెట్ట ఈకలు ఉబ్బించి "క్ర్‌ర్" మంది. దాని కింద తొమ్మిది గుడ్లు!

అవ్వకు అప్పుడు గుర్తొచ్చింది: పన్నెండు రోజులుగా ఎర్రపెట్ట గూట్లో గుడ్డు పెట్టలేదు. అదే మొదటి ఆధారం. ఎవరూ పట్టించుకోలేదు!

ఎందుకు దాక్కుంది?

పెట్ట మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తే దానికి పొదిగే బుద్ధి పుడుతుంది. అప్పుడది గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. పొట్ట కింద ఈకలు రాలి, వెచ్చని చర్మం గుడ్లకు తగులుతుంది. తిండికి, నీటికి రోజుకు ఒకసారి కొద్దిసేపు మాత్రమే లేస్తుంది.

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. గుడ్డులోని పిండం పెరగడానికి 37.5 డిగ్రీల దగ్గర ఉండాలి. పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోకుండా తల్లి గుడ్లను ముక్కుతో మాటిమాటికీ తిప్పుతుంది. వేరు వేరు రోజుల్లో పెట్టిన గుడ్లు ఇంచుమించు ఒకేసారి పిగులుతాయి. ఎందుకంటే తల్లి పొదగడం మొదలుపెట్టేదాకా పిండం పెరుగుదల దాదాపు ఆగి ఉంటుంది.

మన ఆంధ్ర ప్రాంతపు అసీల్ వంటి నాటు పెట్టలు బాగా పొదుగుతాయి. ఎక్కువ గుడ్ల కోసం ఎంపిక చేసి పెంచిన వైట్ లెగ్‌హార్న్‌లో ఈ గుణం దాదాపు పోయింది. అందుకే వాటి గుడ్లను ఇంక్యుబేటర్లలో పొదిగిస్తారు.

సరిగ్గా 21 రోజులకు గడ్డివామి లోంచి ఎనిమిది పిల్లలు కియ్‌కియ్‌మంటూ తల్లి వెంట బయటికి వచ్చాయి. కుక్క నిర్దోషి! అవ్వ దానికి ఒక ముద్ద అన్నం పెట్టింది.

మీరూ జల్లించిన బూడిదను పెరటిలో చల్లి, తెల్లవారి ఎవరెవరు వచ్చి వెళ్లారో అడుగుల బొమ్మలు గీయండి. అలాగే, తొమ్మిదో గుడ్డు ఎందుకు పిగలలేదో కారణాలు ఊహించి, మీ సైన్సు మాష్టారితో చర్చించండి.