సిద్దిపేట కేంద్రంగా 2009 తెలంగాణ రాజకీయ పరిణామాలు

తెలంగాణ ఉద్యమ చరిత్రలో 2009వ సంవత్సరం ఒక వైరుధ్యాన్ని చూపుతుంది. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలలో మహాకూటమి భాగస్వామిగా పోటీచేసిన తెలంగాణ రాష్ట్ర సమితికి 10 స్థానాలే దక్కాయి. ఏడు నెలలు తిరగకముందే, డిసెంబరు 9న, రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ప్రారంభిస్తామని కేంద్ర హోంమంత్రి పి. చిదంబరం ప్రకటించారు. ఈ మార్పు ఎన్నికల లెక్కలకు అందేది కాదు.

సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణంతో అధికార పక్షంలో నాయకత్వ లోటు ఏర్పడింది. అయితే ఉద్యమానికి ఊపిరిపోసింది ఉద్యోగ సమస్యే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులలోని 14(ఎఫ్) నిబంధన హైదరాబాదు నగర పోలీసు ఉద్యోగాలను స్థానిక రిజర్వేషన్ల నుంచి మినహాయించింది. అక్టోబరులో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పుతో ఆ నియామకాలకు నగరం ఫ్రీజోన్ అయింది. అదే నెలలో సిద్దిపేటలో ఉద్యోగ గర్జన సభ జరిగింది.

నవంబరు 29న సిద్దిపేట శివారు రంగధాంపల్లిలో ఆమరణ దీక్షకు కరీంనగర్ నుంచి బయలుదేరిన కె. చంద్రశేఖరరావును పోలీసులు అల్గునూరు వద్ద అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. అనంతరం ఆయనను హైదరాబాదు నిమ్స్‌కు చేర్చారు. ఒక పట్టణంలో ముగియవలసిన దీక్ష ఆ నిర్బంధం వల్ల విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. ఉస్మానియా విద్యార్థులు దానిని తమ భవిష్యత్తు ప్రశ్నగా స్వీకరించారు.

డిసెంబరు 23న కేంద్రం విస్తృత సంప్రదింపులు అవసరమంది. రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. కనుక 2009ని విజయవత్సరంగా కాక, సాంకేతికంగా కనిపించే ఒక సర్వీసు నిబంధన ప్రజాసమస్యగా మారిన సంవత్సరంగా అధ్యయనం చేయడం సముచితం.