సిద్ధాంత వ్యాసం చేతికందే దారి

పీహెచ్‌డీ కోసం విద్యార్థి ఏళ్ల తరబడి కష్టపడి రాసిన సిద్ధాంత వ్యాసం ఒకప్పుడు నాలుగైదు ప్రతులతో ఆగిపోయేది. గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక బీరువా. వైవా అయ్యాక దాన్ని తెరిచేవాళ్లు అరుదు. అచ్చయినవాటి అదృష్టం వేరు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాలపై చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా రావడంతో ఆ తర్వాత ఆ రంగంలోకి వచ్చినవాళ్లందరికీ దారి దొరికింది. అచ్చుకు నోచుకోనివి బీరువాల్లోనే ఉండిపోయాయి. శావల్యాపురంలోని విద్యార్థి నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు మీద వచ్చిన పరిశోధన చదవాలంటే రైలెక్కి గుంటూరు వెళ్లి, అక్కణ్నుంచి నాగార్జున నగర్‌లోని విశ్వవిద్యాలయానికి చేరి, గ్రంథాలయంలో అనుమతి తీసుకుని నోట్సు రాసుకోవాల్సి వచ్చేది.

ఈ పరిస్థితిని మార్చింది యూజీసీ 2009లో తెచ్చిన నిబంధన. పట్టా ప్రకటించిన 30 రోజుల్లోగా సిద్ధాంత వ్యాసం సాఫ్ట్ కాపీని విశ్వవిద్యాలయం అప్పగించాలని అది చెప్పింది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాటిని ‘శోధగంగ’ అనే భాండాగారంలో అందరికీ తెరిచిపెట్టింది. అందులో ఇప్పుడు 5 లక్షలకు పైగా సిద్ధాంత వ్యాసాలున్నాయి. చదవడానికి రుసుము లేదు.

అయితే ఉండటం వేరు, దొరకడం వేరు. కంప్యూటర్ వ్యాసాన్ని చదివి అర్థం చేసుకుని వెతకదు. శీర్షిక, పరిశోధకుడి పేరు, గైడు పేరు, కీలక పదాలు, సారాంశం అంటూ నింపిన గడుల్లో ఏముందో దాన్నే ప్రధానంగా చూస్తుంది. తెలుగు వ్యాసాలకు చిక్కు వచ్చేది ఇక్కడే. తెలుగు శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినప్పుడు ఒకరు ‘పల్నాడు’ అని, ఒకరు ‘పలనాడు’ అని, మరొకరు ‘పల్నాటి’ అని రాస్తారు. శావల్యాపురంలోని ‘శా’కు ఒక ఎస్ చాలునని ఒకరు, పక్కన హెచ్ ఉండాలని మరొకరు. ఒక్క అక్షరం తేడాతో వ్యాసం కనపడకుండా పోతుంది. దీనికి తోడు శావల్యాపురం ఇప్పుడున్న పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతంపై వచ్చిన పరిశోధన చాలావరకు గుంటూరు జిల్లా పేరుతోనే ఉంటుంది. కొత్త పేరుతో మాత్రమే వెతికేవారికి తమ ఊరి మీద ఎవరూ ఏమీ రాయలేదనిపిస్తుంది. అది నిజం కాదు.

లోపలి పాఠం సంగతి ఇంకా బాధాకరం. చాలాకాలం డీటీపీ సెంటర్లలో తెలుగు వ్యాసాలు ఎక్కువగా ‘అను’ అనే ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో తెరమీద ‘అ’ కనిపిస్తున్నా యంత్రం దృష్టిలో అది తెలుగు అక్షరం కాదు. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి మరోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అలాంటి పాఠంలో ‘బ్రహ్మనాయుడు’ అని వెతికితే పేజీ నిండా ఆ పేరే ఉన్నా ఒక్కటీ దొరకదు. కాగితం ప్రతిని స్కాన్ చేసినవైతే ఉత్త బొమ్మలే. యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసానికి ఈ ఇబ్బంది లేదు. పాత స్కాన్లను ఓసీఆర్ ద్వారా అక్షరాలుగా మార్చవచ్చు. టెసరాక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును చదువుతుంది. ఒత్తుల దగ్గర తడబడుతుంది కనుక మనిషి సరిచూడక తప్పదు. ఆ పని విశ్వవిద్యాలయాలు తెలుగు శాఖలకు అప్పగిస్తే బాగుంటుంది. యక్షగానం మీద రాసిన పేజీని సరిదిద్దాలంటే ఆ మాటలు తెలిసినవాళ్లే కావాలి.

దొరికాక దించుకోవడం ఇంకో అంచె. శోధగంగలో వ్యాసం ఒక్క ఫైలుగా ఉండదు. ముఖపత్రం, ధ్రువపత్రం, విషయసూచిక, ఒక్కో అధ్యాయం, ఉపయుక్త గ్రంథసూచి వేటికవే. ఫైలు పేరుకు ముందు 01, 02 అంటూ అంకెలుంటాయి. కావలసిన అధ్యాయమే తీసుకోవచ్చన్నది ఇందులో సౌలభ్యం. మొత్తం చదవదలచినవారు మాత్రం పది పదిహేను సార్లు నొక్కాలి. అధ్యాయం శీర్షిక బదులు ‘మూడో అధ్యాయం’ అని మాత్రమే ఉంటే తెరిచి చూసేదాకా లోపల ఏముందో తెలియదు. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే ఊళ్లో రంగుల్లో స్కాన్ చేసిన బరువైన ఫైలు సగంలో ఆగిపోతుంది. నలుపు తెలుపుల్లో కుదించిన ప్రతి ఒకటి, మొత్తం వ్యాసం ఒకే ఫైలుగా మరొకటి ఉంచితే ఈ అవస్థ చాలావరకు తీరుతుంది.

వ్యాసం సమర్పించే విద్యార్థి చేతిలోనూ కొంత ఉంది. శీర్షికను తెలుగు లిపిలోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వడం, సారాంశంలో ఊరు, మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా పేర్లు రాయడం, పేరున్న కళారూపాన్నో పంటనో దాని పేరుతోనే కీలక పదాల్లో చేర్చడం గంటసేపటి పని. శోధగంగలో ప్రతి వ్యాసానికీ 10603 అనే సంఖ్యతో మొదలయ్యే శాశ్వత చిరునామా ఉంటుంది. ఆ చిరునామాను ఉదహరిస్తే వెబ్‌సైటు రూపురేఖలు మారినా లింకు చెడకుండా ఉంటుంది. తర్వాత చదివేవారు నేరుగా ఆ వ్యాసం దగ్గరికే చేరతారు.